మొదటి వాటర్ కూలింగ్ లూప్: తిరుపతి ఎండకు తట్టుకున్న భాగాలు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే నా కంప్యూటరు తిరుపతిలో మిద్దె మీది గదిలో ఉంది. మే నెలలో బయట ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో ఆ గదిలో 36కు తగ్గదు. రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసరు, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు రెండూ కలిసి రెండర్, అంటే ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారుచేసే పని, మొదలుపెడితే ఫ్యాన్ల హోరులో పాటకు సౌండ్ సరిచూసుకోవడం కూడా సాధ్యమయ్యేది కాదు. అందుకని విడిభాగాలు ఒక్కొక్కటిగా కొని, జనవరిలో నా చేతులతోనే వాటర్ కూలింగ్ లూప్ కట్టుకున్నాను. అంటే భాగాల వేడిని నీటిలోకి తీసుకుని, పంపుతో రేడియేటరుకు పంపి, అక్కడ ఫ్యాన్ల గాలికి చల్లార్చి మళ్లీ తిప్పే పైపుల చుట్టు. మొత్తం ఖర్చు 40 వేలు దాటింది. ఒక వేసవి గడిచింది కాబట్టి ఏది డబ్బుకు తగినదో ఇప్పుడు చెప్పగలను.

ముందుగా ఒక మాట తెలుసుకోవాలి. రేడియేటరు నీటిని గది వేడి కంటే చల్లగా చేయలేదు. గదిలో 36 ఉంటే నీరు 36 కంటే పైనే ఉంటుంది, ఎంత పైన ఉంటుందన్నది మనం కొనే రేడియేటరు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి మన ఊళ్లో మొదటి రూపాయి అక్కడే పెట్టాలి. నా కార్డు 320 వాట్లు, ప్రాసెసరు పూర్తి భారంలో 230 వాట్లు, కలిపి 550 వాట్ల వేడి. ప్రతి 100 వాట్లకు ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పట్టేంత రేడియేటరు ఉండాలని ఈ పని చేసేవాళ్లు చెప్పే కొండగుర్తు. దాదాపు ఆ లెక్కన నేను ఒక 360 మిల్లీమీటర్లది (మూడు ఫ్యాన్లు), ఒక 240 మిల్లీమీటర్లది (రెండు ఫ్యాన్లు), అంటే మొత్తం ఐదు ఫ్యాన్ల రేడియేటర్లు తీసుకున్నాను. రెండూ 30 మిల్లీమీటర్ల మందం గలవే. 60 మిల్లీమీటర్ల మందం, దగ్గర దగ్గర రెక్కలు ఉన్నవి చూడటానికి బలంగా కనిపిస్తాయి గాని, వాటిలోంచి గాలిని నెట్టాలంటే ఫ్యాన్లు వేగంగా తిరగాలి, అప్పుడు హోరు మళ్లీ మొదటికే వస్తుంది. నా అమరికలో గంటసేపు రెండర్ అయ్యాక, గది 36లో ఉండగా, నీరు సుమారు 49 దగ్గర నిలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు 65 దాటదు. ఇప్పుడు కొనేవాడినైతే కేస్ ఒప్పుకుంటే 240 బదులు రెండో 360 తీసుకునేవాణ్ణి.

రేడియేటరు విషయంలో నేను మోసపోయిన సంగతి కూడా చెప్పాలి. మొదట ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర రాగిది అని చదివి ఒకటి తెప్పించాను. పెట్టె చేతికి రాగానే తేలికగా ఉందని అనుమానం వచ్చి, పైపు బిగించే రంధ్రం లోపలి అంచును తాళంచెవితో గీకి చూశాను. నల్ల రంగు కింద తెల్లగా మెరిసింది. అది అల్యూమినియం, మన ఇళ్లలో సత్తు అంటామే, అదే. ప్రాసెసరు మీద కూర్చుని దాని వేడిని నీటికి అందించే బ్లాక్ రాగిది. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో తడుస్తూ ఉంటే చిన్న బ్యాటరీలా మారి అల్యూమినియం కొద్దికొద్దిగా కరిగిపోతుంది, ఆ మడ్డి పోయి బ్లాక్‌లోని సన్నని గాడులలో ఇరుక్కుంటుంది. రాగి, ఇత్తడి, నికెల్ పూత మాత్రం కలిసి ఉండగలవు. ఆ సరుకు తిప్పి పంపి డబ్బు రాబట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. రెండోసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచ్చీ స్ట్రీట్‌లో చేత్తో ఎత్తి చూసి కొన్నాను. లోహం పేరు స్పష్టంగా రాయని భాగాన్ని ఎంత చవకైనా కొనకూడదు.

పంపు డి5 రకం, ట్యాంకుతో కలిసి వచ్చింది. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన వస్తువు ఇదే. డీడీసీ రకం పంపు చిన్నది, ఒత్తిడి ఎక్కువ ఇస్తుంది, కానీ వేడెక్కుతుంది, మోత కూడా వినిపిస్తుంది. డి5ను సగం వేగానికి తగ్గించి పెడితే రాత్రి గదిలో దాని ఉనికే తెలియదు. నీరు ఏ భాగం నుంచి ఏ భాగానికి ముందు వెళ్లాలని చాలామంది బెంగ పెట్టుకుంటారు. నిమిషానికి 4 లీటర్లు తిరిగే చోట 550 వాట్ల వేడికి నీరు ఒక చుట్టులో సుమారు 2 డిగ్రీలే పెరుగుతుంది కాబట్టి ఆ వరుస పట్టించుకోనక్కర్లేదు. ట్యాంకు నుంచి నీరు నేరుగా పంపులోకి దిగేలా చూసుకుంటే చాలు, ఎందుకంటే నీరు లేకుండా తిరిగితే పంపు పాడైపోతుంది.

పైపు విషయంలో మొదటిసారి కట్టేవారు మెత్తని పైపే తీసుకోవాలని గట్టిగా చెబుతాను. గట్టి పైపు అందంగా ఉంటుంది, కానీ ప్రతి వంపునూ కొలిచి, వేడిచేసి వంచాలి. పైగా పెట్‌జీ అనే ప్లాస్టిక్‌తో చేసిన గట్టి పైపు, నీరు 60 డిగ్రీల దగ్గరికి వస్తే మెత్తబడే ప్రమాదం ఉంది, మన వేసవిలో పంపో ఫ్యానో ఆగితే అంత వేడి రావడం పెద్ద విషయం కాదు. మెత్తని వాటిలోనూ పారదర్శకమైన పీవీసీ కొన్ని నెలలకు మసకబారుతుంది, దానిలోంచి ఊరే జిగురు పదార్థం బ్లాక్ గాడులలో చేరుతుంది. నేను నల్లని ఈపీడీఎం రబ్బరు పైపు, లోపల 10, బయట 16 మిల్లీమీటర్ల కొలతది వాడాను. గోడ మందంగా ఉండటం వల్ల మలుపుల్లో నలగదు. అయితే పైపును భాగాలకు బిగించే ఫిట్టింగు కొనేటప్పుడు ఈ రెండు కొలతలూ సరిపోవాలి. 10/13 ఫిట్టింగు ఉంగరం 16 పైపు మీద పట్టదు. మర మాత్రం దాదాపు అన్ని కంపెనీలదీ జి1/4 అనే ఒకే కొలత కాబట్టి, బైక్స్‌కీ కంపెనీ బ్లాక్‌కు బారో కంపెనీ ఫిట్టింగు నిశ్చింతగా బిగించవచ్చు.

బ్లాకుల గురించి చెప్పాల్సింది తక్కువ. ప్రాసెసరుకు ఏ మంచి రాగి బ్లాక్ అయినా సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం 3080 అని చూస్తే చాలదు, అదే కంపెనీ, అదే మోడల్ బోర్డుకు చేసిన బ్లాక్ అయి ఉండాలి.

నీటికి వస్తే, మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కడుతుంది. అదే పెచ్చు సన్నని గాడులలో కడితే ఇంక చెప్పేదేముంది? డిస్టిల్డ్ వాటరే పోయాలి, అందులో తుప్పు, నాచు పట్టకుండా కాపాడే ద్రావణం కలపాలి. లూప్‌లో నీరు పోసే ముందు రేడియేటర్లను వేడి డిస్టిల్డ్ వాటర్‌తో ఊపి ఊపి కడిగితే నా తెల్ల బకెట్‌లోకి మొదటి రెండు సార్లు నల్లని నలుసులు, టంకం తాలూకు జిడ్డు వచ్చాయి. నాలుగో విడతకు గాని తేటపడలేదు. పాలలా చిక్కగా కనిపించే రంగు ద్రవాలను మొదటి లూప్‌లో వాడవద్దు, వాటిలోని రేణువులు కాలక్రమంలో పేరుకుపోతాయి.

పంపు ఒక్కదానికే కరెంటు ఇచ్చి నీరు నింపుతుండగా సహాయానికి వచ్చిన రిపేరు తమ్ముడు, "అన్నా, బోర్డు మీద పడితే పోతాదన్నా, ఇంకోసారి చూడు" అన్నాడు. ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ కాగితం పరిచి చూస్తే కార్డు దగ్గర ఒక కాగితం అంచు తడిసింది. విప్పితే రబ్బరు వాషరు మడతపడి తన చోటు నుంచి బయటికి జరిగి ఉంది. సరిచేసి మళ్లీ 24 గంటలు పంపు తిప్పాక గాని బోర్డుకు కరెంటు ఇవ్వలేదు. గాలి పంపుతో అర బార్ ఒత్తిడి పెట్టి మీటరు ముల్లు దిగుతుందేమో చూసే పరికరం తక్కువ ధరకే దొరుకుతుంది. నీరు పోయకముందే తేలిపోతుంది కాబట్టి అది కొనుక్కోవడం మేలు.

చిన్నవే అయినా మరచిపోకూడనివి రెండున్నాయి. లూప్‌లో అన్నిటికంటే కింది చోట ఒక కుళాయి పెట్టుకుంటే ఏడాదికొకసారి నీరు మార్చడం పావుగంట పని అవుతుంది. నీటిలో పెట్టే ఉష్ణోగ్రత సెన్సరు కొని, ఫ్యాన్ల వేగాన్ని ప్రాసెసరు వేడికి కాకుండా నీటి వేడికి ముడిపెట్టాలి. ప్రాసెసరు వేడి క్షణక్షణం ఎగిరిపడుతుంది, నీరు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది, దానితో పాటే ఫ్యాన్లూ నెమ్మదిగా లేస్తాయి. ఇప్పుడు రెండర్ నడుస్తుండగానే సన్నాయి శ్రుతి సరిచూసుకోగలుగుతున్నాను.