కృష్ణ పదార్థమా, గురుత్వ సూత్రంలో సవరణా: ఏది మేలు?

కోనసీమ శివారు కాలువల్లో ఒక్కోసారి ఒక చిత్రం చూస్తాం. ఎగువ తూము దగ్గర వదిలిన నీరు ఇంతేనని లస్కరు చెబుతాడు. దిగువన గేజి చూస్తే అంతకంటె ఎక్కువే కనబడుతుంది. కంటికి ఆనని ఊటనీరు ఏదో దారిలో వచ్చి కలుస్తూ ఉండాలి, లేదా గేజిని బట్టి నీటిని కట్టే లెక్క పలుచని ప్రవాహానికి పనికిరానిదై ఉండాలి. గెలాక్సీల దగ్గర భౌతిక శాస్త్రానికి ఎదురైన చిక్కు కూడా ఇలాంటిదే.

సూర్యుని చుట్టూ బుధుడు సెకనుకు సుమారు 47 కిలోమీటర్లు తిరుగుతుంటే, దూరాన ఉన్న నెప్ట్యూన్ ఐదున్నర కిలోమీటర్లకు మించదు. గెలాక్సీ అంచుల్లోని నక్షత్రాల వేగమూ ఇలాగే తగ్గాలి. 1970లో ఖగోళ శాస్త్రజ్ఞులు వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిచి చూస్తే, అంచుల్లో వేగం అనుకున్నట్టు పడిపోలేదు. అంత వేగాన్ని పట్టి ఉంచడానికి కనబడే పదార్థపు ఆకర్షణ చాలదు. కనబడని పదార్థం, అంటే కృష్ణ పదార్థం, ఉండాలన్న మాటను గెలాక్సీ గుంపుల విషయంలో ఫ్రిట్జ్ జ్విక్కీ 1933లోనే అన్నాడు. మొర్దెహాయ్ మిల్‌గ్రోమ్ 1983లో రెండో దారి పట్టాడు: త్వరణం సెకను వర్గానికి మీటరులో సుమారు వెయ్యి కోట్లవ వంతు కంటె తగ్గినచోట న్యూటన్ లెక్కనే సవరించాలన్నాడు. దీన్నే మాండ్ అంటారు.

ఒంటరి గెలాక్సీల వరకు చూస్తే మాండ్‌ను తీసిపారేయలేం. కనబడే పదార్థం ఎంతో చెబితే చాలు, అంచు వేగాన్ని అది చాలాచోట్ల సరిగా చెప్పగలదు. కృష్ణ పదార్థాన్నేమో ఎక్కడ ఎంత కావాలో అంత పోసుకుంటున్నారన్న విమర్శ ఉంది. పైగా ఆ కణం ఇంతవరకు ఏ పరికరానికీ చిక్కలేదు.

అయినా నేను కృష్ణ పదార్థం వైపే మొగ్గుతాను. ఢీకొన్న రెండు గెలాక్సీ గుంపులైన బుల్లెట్ క్లస్టర్‌లో వేడి వాయువు మధ్యలో చిక్కుకుపోగా, వెనుక నుంచి వచ్చే కాంతిని వంచే బరువు మాత్రం ఇరుపక్కలకు సాగిపోయిందని 2006లో తేల్చారు. ఊట కాలువను విడిచి పక్కకు పోయి కనిపించినట్టే ఇది. గుంపుల్లో మాండ్‌కు సైతం కొంత అదృశ్య పదార్థం అవసరమవుతోంది.

ఇందులో చరిత్ర ఎవరి పక్షమూ కాదు. యురేనస్ కక్ష్యలోని తడబాటును బట్టి ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు లెవెర్యే లెక్క కట్టిన చోటికి దగ్గరలోనే 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుని తడబాటుకు ఆయనే ఊహించిన వల్కన్ గ్రహం మాత్రం దొరకలేదు. అక్కడ 1915లో ఐన్‌స్టీన్ సూత్రాన్నే మార్చవలసి వచ్చింది.

ఇప్పుడు పరీక్ష జంట నక్షత్రాల దగ్గరికి వచ్చింది. కొన్ని వేల సూర్య-భూ దూరాల ఎడంలో తిరిగే జంటల మధ్య త్వరణం మిల్‌గ్రోమ్ హద్దుకు చేరుతుంది. నక్షత్రాల స్థానాలను, కదలికలను కొలిచిన గయా ఉపగ్రహం కొలతలతోనే 2023లో ఒక బృందం న్యూటన్ నెగ్గాడంది, మరొకటి మాండ్ నెగ్గిందంది.