నార్ఫోక్ నుంచి ఎలిజబెత్ సిటీకి: ఒంటరి పడవకు ఏ కాలువ మేలు?

అమెరికా అట్లాంటిక్ తీరపు లోపలి జలమార్గానికి మైళ్ల లెక్క వర్జీనియాలోని నార్ఫోక్ దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి ఉత్తర కరోలినాలోని ఎలిజబెత్ సిటీకి వెళ్లేటప్పుడు, దక్షిణంగా కాస్త వెళ్లాక దారి రెండుగా చీలుతుంది. సూటిగా వెళితే 1859లో తెరిచిన ఆల్బెమార్ల్-చెసాపీక్ కాలువ, కుడికి తిరిగితే 1805 నాటి డిస్మల్ స్వాంప్ కాలువ. రెండింటిలోనూ తెరచాప పడవను ఒక్కడినే నడిపాను. రెండోదానిలో లోతు తక్కువ గనుక, పడవలో నీట మునిగే భాగం ఆరడుగుల కంటే బాగా తక్కువైన పక్షంలో, తోడు లేనివాళ్లకు నేను రెండోదాన్నే సూచిస్తాను.

లాకు (తలుపులు మూసి నీటిమట్టాన్ని పెంచి, తగ్గించి పడవను దాటించే గది) వరకే చూస్తే మొదటి కాలువే సులువు. గ్రేట్ బ్రిడ్జ్ లాకులో నీటిమట్టం రెండు మూడు అడుగులకు మించి మారదు. ఒక్క చేత్తో మోకు పట్టుకుని నిలబడవచ్చు. కష్టమంతా వంతెనలతోనే. లాకు పక్కనున్న వంతెన గంటకోసారే తెరుచుకుంటుంది. ఆ తరువాత సెంటర్‌విల్, నార్త్ ల్యాండింగ్ వంతెనలకూ వాటి వేళలున్నాయి. గాలి వీస్తుంటే ఇరుకు కాలువలో, చుట్టూ పెద్ద మోటారు పడవలు ఉండగా ఎదురుచూడటం ఒంటరివాడి ఓపికకు పరీక్ష. నేను పడవ వెనుక భాగాన్ని గాలికి ఎదురుగా తిప్పి, ఇంజనును మెల్లగా రివర్సులో ఉంచుతాను. ముక్కు గాలికి ఎదురుగా ఉంటే అది అటూ ఇటూ కొట్టుకుపోతుంది. ఇలా పెడితే పడవ చాలావరకు నిలకడగా ఉంటుంది.

డిస్మల్ స్వాంప్‌లో డీప్ క్రీక్ లాకు పడవను సుమారు ఎనిమిది అడుగులు పైకి లేపుతుంది, సౌత్ మిల్స్ లాకు అంతే కిందికి దించుతుంది. రోజుకు నాలుగుసార్లే తెరుస్తారు: 8:30, 11:00, 1:30, 3:30. లోపలికి రాకముందే ఫెండర్లు (పడవ గోడకు రాసుకోకుండా అడ్డుపెట్టే దిండ్లు) వేలాడదీసి, ముందు, వెనుక మోకులు రెండింటినీ చుక్కాని దగ్గరికే తెచ్చుకోవాలి. దిగేటప్పుడు మోకును ముడివేయవద్దు. నీరు జారిపోతే పడవ గోడకు వేలాడుతుంది. రేడియోలో 13వ చానెల్‌లో లాకు లేదా వంతెన పేరు, పడవ పేరు, వెళ్లే దిశ చెప్పి, ఒంటరిగా ఉన్నానని కూడా చెప్పండి. లాకు కాపరులు కొక్కెం కర్రతో మోకు అందుకుని గుంజకు తగిలించారు. నేను వెళ్లినప్పుడు అదే కాపరి తరువాత వెళ్లి లాకు దగ్గరి వంతెననూ తెరిచాడు. ఆ సాయం లేకపోతే ఎనిమిది అడుగుల గోడ ఒక్కడికి కష్టమే.

మధ్యలో ఉత్తర కరోలినా స్వాగత కేంద్రం రేవులో ఉచితంగా కట్టుకోవచ్చు. మరుగుదొడ్లు, తాగునీరు ఉన్నాయి, కరెంటు లేదు. రద్దీ రోజుల్లో పడవకు పడవను ఆనించి కడతారు, పొరుగువాళ్ల చేతి సాయం అక్కడే దొరుకుతుంది. పక్కనే హైవే ఉండటంతో రాత్రి లారీల మోత మాత్రం తప్పదు. టీ రంగు నీటి అందానికి ఆ మోతను నేను భరించాను. నీటిలో మునిగిన దుంగలుంటాయి, అందువల్ల వేగం వద్దు.

ఎలిజబెత్ సిటీ రేవులో 48 గంటలు ఉచితం, దుకాణాలు నడక దూరంలోనే. అయితే తూర్పు, ఆగ్నేయ గాలులకు అది పూర్తిగా తెరిచి ఉంటుంది, పడవలు కట్టే పొట్టి చెక్క గట్ల మధ్య ఒక్కడే కట్టుకోవడం కష్టమవుతుంది. అలాంటి సూచన ఉంటే ఎత్తుడు వంతెన దాటకుండా ఎగువన గోట్ ఐలాండ్ దగ్గర లంగరు వేసి, గాలి మారాక రావడం మంచిది. ఆఫీసు వేళల్లో ఆ వంతెనకు ఆంక్షలున్నాయి, బయలుదేరే సమయాన్ని దానికి తగ్గట్టు చూసుకోండి.