శంషాబాద్ నుంచి వైజాగ్: గాల్లో 55 నిమిషాలు, ఇంటికి ఆరు గంటలు

పిన్ని గృహప్రవేశానికి అమ్మను తీసుకుని వైజాగ్ వెళ్లొచ్చాను. పోయేటప్పుడు ఫ్లైట్, వచ్చేటప్పుడు వందే భారత్.

మ్యాప్ మీద నేరుగా గీత గీస్తే శంషాబాద్ నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకు దాదాపు 510 కిలోమీటర్లు. రైలు మాత్రం దక్షిణంగా విజయవాడ దాకా దిగి, అక్కణ్ణుంచి పైకి తిరుగుతుంది కాబట్టి 700 దాకా అవుతుంది. ఫ్లైట్ టికెట్ మీద గంటా పావు అని ఉంది. తలుపు మూసి కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా లెక్క అది. గాల్లో ఉన్నది 55 నిమిషాలే.

మరి మిగతాదో? కేపీహెచ్‌బీలో ఇల్లు కదిలింది 6.50కి. ఔటర్ మీదుగా శంషాబాద్ చేరేసరికి 8.15. లగేజీ కౌంటర్లో అమ్మాయి "ఎండు కొబ్బరి ఏమైనా ఉందా అండీ?" అని అడిగింది. అమ్మకు అబద్ధం రాదు. సారెలో పెట్టిన చిప్పలు ఉన్నాయంది. నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుంది కాబట్టి చెక్-ఇన్ బ్యాగులో కుదరదట. అందరి ముందూ నేల మీద సూట్‌కేసు తెరిచి, పట్టుచీరల మధ్య నుంచి ఒక్కో చిప్పా ఏరి తీశాం. "శుభమా అని తీసుకెళ్తుంటే" అని అమ్మ సణుగుడు. ఆ పిల్ల మాత్రం విసుక్కోకుండా మళ్లీ సర్దడానికి సాయం చేసింది.

వైజాగ్‌లో నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా ఎయిర్‌పోర్టు ఊళ్లోనే ఉండటం మాకు కలిసొచ్చింది. ఎంవీపీ కాలనీకి 12.40కల్లా చేరాం. అంటే మొత్తం ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ. అదే ఊరికి దూరంగా భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో దిగాల్సొస్తే ఇంకో గంట కలుపుకోవాల్సిందే.

రైలు ఉదయం 5.45కి. పిన్నివాళ్లను అంత పొద్దున్నే లేపడం ఎందుకని ముందురోజు రాత్రి స్టేషన్ దగ్గర లాడ్జిలో రూమ్ తీసుకున్నాం. ఆ పని చేయకండి. వేడినీళ్లు ఆరు తర్వాతేనట! రైల్లో సీట్లు బాగున్నాయి, ఉప్మా ఫర్వాలేదు, కాఫీ గురించి అడగొద్దు. సికింద్రాబాద్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేట మారి ఇల్లు చేరేసరికి 3.20. రూమ్ వదిలిన దగ్గర్నుంచి పది గంటలు. ఫ్లైట్ టికెట్ నెల ముందే తీసినా చైర్‌కార్‌కు రెండింతలు పడింది. ఆదా అయింది నాలుగు గంటలు. ఒక్కణ్ణే, చేతిసంచితో వెళ్తే ఫ్లైటే ఎక్కుతాను. అమ్మతో, మాడుగుల హల్వా పొట్లాలతో అయితే రైలే. సామాను విప్పమనేవాళ్లు ఉండరు.

ఒక్కటే లోటు. రాజమండ్రి దాటగానే అమ్మ రూపాయి బిళ్ల తీసి కిటికీ వైపు జరిగింది. అద్దం తెరుచుకోదు. కింద గోదావరి అంతా వెళ్లిపోయేదాకా బిళ్ల గుప్పిట్లోనే ఉంది. కొవ్వూరు వచ్చాక కొంగున ముడేసుకుంటూ అంది: "ఈసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి తియ్యరా టికెట్లు. అర్ధరాత్రయినా లేచి వేసుకుంటాను."