ఎంజీబీ హ్యాండ్‌బ్రేక్ కేబుల్: డబ్బు కంటే ముందు కొలత అడిగిన షాపు

మా కారు 1971 నాటి ఎంజీబీ జీటీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, టీల్ బ్లూ రంగు. నాలుగేళ్ళ కిందట కొన్నాం. మేం ఉండేది ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో. రోములాగే ఈ ఊరు కూడా ఏడు కొండల మీద ఉందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ మాట చెప్పినప్పుడు మా అమ్మ ఫోన్లోనే దండం పెట్టుకుంది. మా పేట వాక్లీ. ఇక్కడ కొన్ని వీధులు ఎంత ఏటవాలంటే, నడిచేవాళ్ళు పట్టుకోడానికి ఫుట్‌పాత్ పక్కన ఇనప కమ్మీలు వేశారు. ఇలాంటి చోట హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా లేని బండిని బయట పెట్టి ఇంట్లో ప్రశాంతంగా కూర్చోలేం.

చలికాలమంతా షెడ్డులో ఉన్న కారుని మార్చిలో బయటికి తీశాను. లివరు పది క్లిక్కులు పైకి లాగినా బండి మెల్లగా జారుతోంది. రెండు రోజుల తర్వాత కాసేపు తిరిగి వచ్చి చూస్తే వెనక ఎడమ చక్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. అంటే లాగితే పట్టడం లేదు, వదిలితే వదలడం లేదు. ఈ రెండూ ఒకే బండిలో కనిపిస్తే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. బయటి గొట్టంలోకి నీళ్ళు చేరి, లోపలి తీగ తుప్పుతో పట్టేస్తుంది.

బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటిన కార్లకు, పెద్ద మార్పులేమీ చేయకపోతే, 2018 మే నుంచి ఎంఓటీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి తగినదో కాదో ఏటా చూసే పరీక్ష, తప్పనిసరి కాదు. అయినా నేను చేయిస్తాను. మా కారులో ఫుట్‌బ్రేకుకి ఉన్నది ఒకటే సర్క్యూట్, అంటే బ్రేక్ ఆయిల్ వెళ్ళే దారి ఒక్కటే. ఎక్కడ పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అప్పుడిక మిగిలేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. అందుకే ఒకే సర్క్యూట్ ఉన్న బండ్లకు ఆ పరీక్షలో హ్యాండ్‌బ్రేక్ సామర్థ్యం (బండి బరువుతో పోల్చిన బ్రేకు బలం) కనీసం 25 శాతం ఉండాలంటారు. రెండు సర్క్యూట్లు ఉంటే 16 చాలు. మాది బ్రేకు పరీక్షించే రోలర్ల మీద 14 చూపించింది. మా వీధి దిగువన ప్రైమరీ స్కూలు ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, లేచి వెళ్ళి ముందు చక్రాల కింద రెండేసి ఇటుకలు పెట్టి వచ్చాను.

కొత్త కేబుల్ మొదట ఒక ఆన్‌లైన్ షాపులో కొన్నాను. పేరు రాయను. మోడల్, సంవత్సరం ఎంచుకున్నాక ‘వైర్ వీల్సా, స్టీల్ వీల్సా’ అని అడిగింది. మా కారుకి తీగల చక్రాలే ఉన్నాయి కాబట్టి వైర్ వీల్స్ అని నొక్కాను. వచ్చిన కేబుల్‌ని చిన్న డబ్బాలో పట్టడానికి బలవంతంగా మెలిపెట్టి కుక్కారు. గొట్టం ఒకచోట నొక్కుకుపోయి ఉంది. అలా ఒకసారి నొక్కుకుపోయిన గొట్టంలో తీగ ఇక జన్మలో సాఫీగా కదలదు. గ్రీజు ఎక్కించే చిన్న మూతి, అంటే గ్రీజు నిప్పిల్ కూడా దానికి లేదు. అన్నిటికన్నా పెద్ద సమస్య ఏంటంటే, కారు కిందికి దూరి పట్టి చూస్తే కుడి చక్రం దగ్గర అందలేదు. తిరిగి పంపడానికి పోస్టు ఖర్చు నేనే పెట్టుకున్నాను.

తర్వాత ఫోన్ చేసింది డెర్బీషర్ వైపు ఉన్న ఒక చిన్న షాపుకి. తండ్రీ కొడుకులు నడుపుతారు, పాత బ్రిటిష్ కార్ల సామాను మాత్రమే అమ్ముతారు. ఈ రివ్యూ అసలు రాస్తున్నది వాళ్ళ గురించే. ఫోన్ ఎత్తింది పెద్దాయన. ఎంజీబీ హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కావాలన్నాను. కార్డు నంబరు అడుగుతాడనుకుంటే, “బాంజో యాక్సిలా, ట్యూబ్ యాక్సిలా?” అని అడిగారు. రెండు వెనక చక్రాలనీ కలిపే యాక్సిల్ ఎంజీబీల్లో ఈ రెండు రకాలు. జీటీ కాబట్టి ట్యూబే అన్నాను. జీటీ 1965లో వచ్చినప్పటి నుంచీ దానికి ట్యూబ్ యాక్సిలే. పై కప్పు తీసే రోడ్‌స్టర్‌కి అది 1967లో వచ్చింది. తర్వాత చక్రాల గురించి అడిగారు. తీగల చక్రాలే అన్నాను. “అవి ఫ్యాక్టరీ నుంచి వచ్చినవేనా, తర్వాత ఎవరైనా పెట్టించారా?” అన్నారు. నాకు తెలీదన్నాను.

“అయితే ఇప్పుడు అమ్మను. రెండు వెనక చక్రాల బ్యాక్‌ప్లేట్ల మధ్య దూరం టేపు పెట్టి కొలిచి మళ్ళీ ఫోన్ చేయండి,” అన్నారు. బ్యాక్‌ప్లేట్ అంటే చక్రం లోపలి వైపు, బ్రేకు డ్రమ్ముకి వెనక ఉండే గుండ్రటి రేకు.

తీగల చక్రాలతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎంజీబీల వెనక యాక్సిల్ వెడల్పు తక్కువ. స్టీల్ చక్రాల కార్లది ఎక్కువ. అందుకే రెంటికీ కేబుల్ వేరు. అయితే స్టీల్ చక్రాల కారుకి తర్వాత అడాప్టర్లు బిగించి తీగల చక్రాలు పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. యాక్సిల్ మాత్రం పాతదే, వెడల్పుదే. మాది సరిగ్గా అలాంటి కారు. కొలిచి చెబితే పెద్దాయన, “మీకు కావాల్సింది స్టీల్ వీల్ కేబుల్,” అని అరక్షణంలో చెప్పేశారు. నేను ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తాను. ఏ చెయ్యో, ఏ వైపో రెండుసార్లు అడగందే ఎవరికీ ఎక్స్‌రే తీయం. అమ్మే వస్తువు విషయంలో ఇంత జాగ్రత్త తీసుకున్న మనిషి నాకు ఈ దేశంలో అరుదుగా కనిపించారు.

కేబుల్ రెండో రోజుకే వచ్చింది. డెలివరీతో కలిపి 38 పౌండ్లు. బండి టైరంత వెడల్పు ఉన్న చదునైన డబ్బాలో పెద్ద చుట్టగా చుట్టి పంపారు, ఎక్కడా మెలిక లేదు. గొట్టం మీద గ్రీజు నిప్పిల్ ఉంది. ముందు కొసన నట్టు ఎక్కే మర శుభ్రంగా కోసి ఉంది, పాత ఇత్తడి నట్టు చేత్తో తిప్పితేనే చివరిదాకా వెళ్ళింది. వెనక కొసలకి ఉన్న ఫోర్కుల రంధ్రాలు నున్నగా ఉన్నాయి. ఒక్క లోటు మాత్రం చెప్పాలి. ఆ ఫోర్కుల్ని చక్రాల దగ్గరి లివర్లకి తగిలించే క్లెవిస్ పిన్నులు, అవి ఊడకుండా దూర్చే స్ప్లిట్ పిన్నులు ఇందులో రావు. 50 ఏళ్ళ పాత పిన్నులు అరిగిపోయి ఉంటాయి కదా, కొత్త కేబుల్‌కి వాటిని ఎవరు వాడతారు? నేను మళ్ళీ ఫోన్ చేసి, ఇంకో 4 పౌండ్లు పెట్టి తెప్పించుకున్నాను. శనివారం చేద్దామనుకున్న పని అలా ఒక వారం వెనక్కి పోయింది.

పని మొదలుపెట్టే ముందు నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన తెనాలి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఇంకా స్పానర్లు చూపించకముందే, “అమ్మాయ్, ముందు చక్రాల కింద చెక్కలు పెట్టావా?” అన్నారు. “పెట్టాను నాన్నా,” అంటే, “ఫోన్ అటు తిప్పు, చూపించు,” అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. ఈ కారులో గేరు పట్టేది వెనక చక్రాలనే, హ్యాండ్‌బ్రేక్ పట్టేది కూడా వెనక చక్రాలనే. వెనక భాగాన్ని జాకీతో ఎత్తేసి, కేబుల్ విప్పేశాక కారుని ఆపేది ముందు చక్రాల కింద చెక్కలు మాత్రమే. మా వీధిలో ఈ పని చేయనే కూడదు. అందుకే మా ఆయన స్నేహితుడి ఇంటికి, చదునైన డ్రైవ్‌వే ఉన్నచోటికి తీసుకెళ్ళాం. జాకీ మీద వదిలేయకుండా యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టాకే కిందికి దూరాను.

కేబుల్ దారి చెప్పుకోవాలంటే కష్టమేమీ కాదు. డ్రైవర్ సీటుకీ, కారు మధ్యలో ఎత్తుగా ఉండే టన్నెల్‌కీ నడుమ లివరు ఉంటుంది. కారు కింద, లివరు అడుగు భాగానికి కేబుల్ ముందు కొస నట్టుతో బిగించి ఉంటుంది. టైట్ చేయాలన్నా, వదులు చేయాలన్నా ఆ నట్టే. అక్కడి నుంచి కేబుల్ క్లిప్పుల మీదుగా వెనక యాక్సిల్ దాకా వెళ్తుంది. అక్కడ కాంపెన్సేటర్ అనే చిన్న లివరు ఉంటుంది. అది కావడి బద్ద లాంటిది. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కాకుండా లాగిన బలాన్ని రెండు చక్రాలకూ సమానంగా పంచుతుంది. చివర్లలో ఫోర్కులు బ్యాక్‌ప్లేట్ల వెనక లివర్లకి క్లెవిస్ పిన్నులతో తగులుకుంటాయి.

పిన్నులకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టాను. అయినా ఎడమవైపు స్ప్లిట్ పిన్ లాగగానే విరిగింది. మిగిలిన ముక్కని సన్నటి పంచ్‌తో కొట్టి తీయడానికి ముప్పావు గంట పట్టింది. మిగతావి తేలిగ్గానే వచ్చాయి. పాత కేబుల్‌ని నేల మీద పరిచి ఒక కొస పట్టుకుని లాగితే రెండో కొస కదలనే లేదు.

నాకు అసలు సంగతి బోధపడింది కాంపెన్సేటర్ దగ్గర. అది చేత్తో తిప్పితే తిరగాలి. మాది రాయిలా ఉంది. పాత గ్రీజు ఎండి, గట్టిపడి, మట్టితో కలిసి పెచ్చుగట్టింది. అంటే ఇన్నాళ్ళూ బలం ఒకే చక్రానికి వెళ్తోంది. ఇది చూడకుండా కేబుల్ మాత్రమే మార్చి ఉంటే మళ్ళీ అదే కథ. విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు గన్నుతో కొత్త గ్రీజు ఎక్కించాను. గడ్డకట్టిన నల్లటి గ్రీజు పురుగులా బయటికి వస్తుంటే నాన్న ఫోన్లో చూస్తూ, “అదీ! అదీ! ఇంకా రానీ,” అన్నారు.

డ్రమ్ములు విప్పేవాళ్ళకి ఒక మాట. లోపల డ్రమ్ముకి రాసుకునే పాత లైనర్లలో ఊపిరితిత్తులకి చేటు చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు. తడిగుడ్డతో తుడిచి, సంచిలో కట్టి పారేయండి.

కొత్త కేబుల్ పెట్టడం అరగంట పని. ఆ తర్వాత సర్దుబాటులోనే చాలామంది పొరపాటు చేస్తారు. డ్రమ్ముని లోపలి నుంచి ఒత్తి ఆపే బ్రేక్ షూలు అరిగి డ్రమ్ముకి దూరమైతే, ఆ దూరాన్ని కేబుల్ బిగించి పూడుస్తారు. అది తప్పు. ముందు షూలని సరిచేయాలి. ఒక్కో బ్యాక్‌ప్లేటుకి వెనక చదరపు తల ఉన్న అడ్జస్టర్ ఒకటి ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదిలేసి, చక్రం తిరగకుండా పట్టేసేదాకా దాన్ని బిగించి, మళ్ళీ చక్రం స్వేచ్ఛగా తిరిగేటంత మాత్రమే వదులు చేయాలి. దాని తల చదును అరగకుండా సరైన చదరపు స్పానరే వాడండి, ప్లయర్స్ పెట్టొద్దు. రెండు చక్రాలూ అయ్యాకే కేబుల్ నట్టు జోలికి వెళ్ళాలి. నేను అలాగే చేశాను. ఇప్పుడు నాలుగో క్లిక్కుకే బండి గట్టిగా పట్టుకుంటోంది. వదిలితే రెండు చక్రాలూ వేలితో తోస్తే తిరిగాయి.

ఈ షాపువాళ్ళ గురించి ఇంకో మాట. నట్టు ఎంత బిగించాలో సందేహం వచ్చి శనివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే కొడుకు ఎత్తాడు. షాపు మూసే వేళ. అయినా పది నిమిషాలు లైన్లో ఉండి ఓపిగ్గా చెప్పాడు. కొత్త కేబుల్ మొదటి వారంలో కొంచెం సాగుతుందని, మళ్ళీ ఒకసారి చూసుకోమని చెప్పింది కూడా అతనే. నిజంగానే వారం తిరిగేసరికి ఒక క్లిక్కు పెరిగింది. మొదట డ్రమ్ముల సర్దుబాటు చూసి, తర్వాత నట్టు ఒకటిన్నర చుట్టు బిగించాను. అప్పటి నుంచి మారలేదు.

మళ్ళీ రోలర్ల మీద పెట్టిస్తే 29 శాతం వచ్చింది. కుడి, ఎడమ చక్రాల మధ్య తేడా దాదాపు లేదు. ఆ కాగితం ఫొటో తీసి నాన్నకి పంపాను. ఆయన దాన్ని డిపో స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

మీది ఎంజీబీ అయితే ఏ షాపులో కొన్నా సరే, చక్రాలని చూసి కేబుల్ ఆర్డర్ చేయకండి, యాక్సిల్‌ని కొలవండి. నిప్పిల్ ఉన్న కేబులే తీసుకోండి. కాంపెన్సేటర్ తిరుగుతోందో లేదో చూడండి. క్లెవిస్ పిన్నులు అదే ఆర్డర్లో కలిపి తెప్పించుకోండి.

నేనైతే ఈ కేబుల్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది పిన్నుల కోసమే, షాపుకి మాత్రం ఐదుకి ఐదు. పోయిన వారం వెనక షూల కోసం మళ్ళీ ఫోన్ చేసినప్పుడు, కేబుల్‌తోపాటు పిన్నులు కూడా ఒకే ప్యాకెట్‌గా పెట్టి అమ్మమని పెద్దాయనకి చెప్పాను. రాసుకుంటానన్నారు. తర్వాత, “మీ బండి డ్రమ్ముల లోపలి వ్యాసం కొలిచారా?” అని అడిగారు. పది అంగుళాలని చెప్పాకే షూలు పంపారు.