పాత ప్రెస్ కెమెరా కొనేముందు బెల్లోస్‌ను చీకట్లో చూడండి

ఫిల్మ్ మీద ఇష్టంతో పాత ప్రెస్ కెమెరా (ఒకప్పుడు పత్రికల ఫొటోగ్రాఫర్లు వాడినది; లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య బెల్లోస్ అనే మడతల తోలు గొట్టం ఉంటుంది) కొనాలని చూస్తున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. కడపలో పాత స్టూడియో సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర నేను 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ వాడే స్పీడ్ గ్రాఫిక్ అనే ప్రెస్ కెమెరా కొన్నాను. 38,000 రూపాయలు. రెండేళ్లు కూడబెట్టుకున్న డబ్బు.

పైకి చూస్తే కెమెరా బ్రహ్మాండంగా ఉంది. తోలు నిగనిగలాడుతోంది, షటర్ టక్కుమంటోంది. "1955 మోడల్ అన్నా, మన సీమ ఎండలకి లెన్స్‌లో ఫంగస్ ఎక్కడొస్తుంది?" అన్నాడాయన. నమ్మేశాను.

మరుసటి ఆదివారమే గండికోటకు తీసుకెళ్లాను. మూడు ఫిల్మ్ హోల్డర్లు, ఒక్కోదానిలో రెండు చొప్పున ఆరు షీట్లు. పెన్నా లోయ మీద ఎండ పడే వేళ కోసం కాచుకుని ఒక్కొక్కటే తీశాను. ఇంటికొచ్చి డెవలప్ చేస్తే ఆరింటిలోనూ ఒకే చోట నల్లటి చార. నెగటివ్ మీద నలుపంటే అక్కడ దొంగ వెలుతురు పడినట్టే.

ఆ రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పేసి, లెన్స్ బిగించి ఉండే పలక (లెన్స్ బోర్డు) తీసి, బెల్లోస్ పూర్తిగా సాగదీసి లోపల టార్చి పెట్టాను. మడతల మూలల్లో సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపించాయి. పదకొండు లెక్కపెట్టాను. వేలితో తడిమితే నల్లగా అంటుకుంది. వాసన చూస్తే బూట్ పాలిష్! తోలు మెరుపు అంతా దాని పుణ్యమే. కొనేటప్పుడు చిన్న టార్చి, ఒక చీకటి గది ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

తర్వాత లెన్స్ చూశాను. 127 ఎంఎం కొడాక్ ఎక్టార్. షటర్‌ను 'టి'లో (మళ్లీ మూసేదాకా తెరిచే ఉండేలా) పెట్టి తెరిచి, అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా విప్పి, వెనక నుంచి టార్చి ఏటవాలుగా వేస్తే అంచున సాలెగూడు లాంటి పోగులు. ఎండలూరైనా, తోలు పెట్టెలో మూతపడి ఎన్నో వానాకాలాలు గడిపిన లెన్స్‌కు ఆ ఎండ తగలదు కదా. ఫంగస్‌ను తుడిపించవచ్చు, కానీ అది గాజును, కోటింగ్‌ను తినేసి ఉంటే ఆ మచ్చ పోదు. నాది అదే.

1955 మాట కూడా, కనీసం లెన్స్ విషయంలో, అబద్ధమే. పాత కొడాక్ ఎక్టార్ల సీరియల్ నంబర్ ముందు రెండు అక్షరాలు ఉంటాయి. కెమెరోసిటీ (CAMEROSITY) అనే ఇంగ్లిష్ కోడ్ మాటలోని పది అక్షరాలకు వరసగా 1 నుంచి 9, చివరిదానికి 0. నా లెన్స్ మీద 'ఈ ఓ' (EO) అని ఉంది. ఈ అంటే 4, ఓ అంటే 6, కాబట్టి 1946. పాతదైనంత మాత్రాన తప్పు లేదు, ఎక్టార్ ఎంతో మంచి లెన్స్. కానీ 1955 ధర ఎందుకు కట్టాలి?

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది కెమెరా వెనక భాగం. 120 రోల్ ఫిల్మ్ కూడా వాడుకోవచ్చని చెప్పి అమ్మాడు. నా రోల్ హోల్డర్ బిగించబోతే కూర్చోలేదు. వీటికి రోల్ హోల్డర్ బిగించుకునే వీలున్న గ్రాఫ్లాక్ బ్యాక్ 1949 నుంచి వచ్చింది. నాది అంతకుముందరి స్ప్రింగ్ బ్యాక్, దానిలోకి షీట్ హోల్డర్లంత పలచగా ఉన్నవే దూరతాయి. గ్రౌండ్ గ్లాస్ (బొమ్మ పడే గరుకు గాజు) ఫ్రేమ్ ఊడి వచ్చి, పక్కన జరిపే లాక్ పట్టీలు రెండు ఉంటేనే గ్రాఫ్లాక్. మీ హోల్డర్ వెంట తీసుకెళ్లి అక్కడే బిగించి చూడండి.

రేంజ్‌ఫైండర్‌ను (రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చేసుకునే కిటికీ) కూడా నమ్మేయకండి. దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని అందులో కలిపి, గ్రౌండ్ గ్లాస్ మీద భూతద్దంతో చూడండి. నా దాంట్లో రెండు బొమ్మలు చక్కగా కలిశాయి, గ్లాస్ మీద మాత్రం స్తంభం మసక. వేరే కెమెరా లెన్స్ తెచ్చి దీనికి పెట్టినట్టున్నారు.

డబ్బు వెనక్కి అడిగితే "పాత సామాను, గ్యారంటీ ఉండదన్నా" అని ఫోన్ పెట్టేశాడు. బిల్లు తీసుకోకపోవడం నా పొరపాటు. కొత్త బెల్లోస్ వేయించే దాకా ఫ్యాబ్రిక్ పెయింట్‌తో నెట్టుకొస్తున్నాను.

కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు ఎవరైనా ఇలాంటి కెమెరా చూడ్డానికి వెళ్తుంటే చెప్పండి. ఆదివారమైతే నేనూ వస్తాను, టార్చి, భూతద్దం, రోల్ హోల్డర్ పట్టుకుని.