అమీర్‌పేట ఆదివారం జర్మన్ బ్యాచ్: వారాలు, వేళల పాఠం ఎలా చెబుతున్నారు?

మైత్రీవనం చుట్టుపక్కల జర్మన్ ఏ1 (భాష నేర్చుకోవడంలో మొట్టమొదటి స్థాయి) కోచింగ్ బోర్డులు ఇప్పుడు చాలానే కనిపిస్తున్నాయి. నర్సింగ్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు, మాస్టర్స్‌కి వెళ్లే పిల్లలు, జర్మనీలో ఉన్న భర్త దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లేందుకు ఏ1 సర్టిఫికెట్ కావలసినవాళ్లు అక్కడే చేరుతున్నారు. వాటిలో ఒక చిన్న సెంటర్‌లో నడిచే ఆదివారం బ్యాచ్ మీద, అందులోనూ ఒకే ఒక్క పాఠం మీద ఈ సమీక్ష. వారాల పేర్లు, రోజులోని వేళలు, టైమ్ చెప్పడం: ఇదీ ఆ పాఠం. ఏ1లో ఫోన్ మెసేజ్ అయినా, స్టేషన్ ప్రకటన అయినా, డాక్టర్ అపాయింట్‌మెంట్ అయినా చివరికి ఒక వారం దగ్గరో ఒక గంట దగ్గరో ఆగుతుంది. ఈ పాఠం బాగా చెప్పే సెంటర్ మిగతావీ బాగా చెబుతుందని చాలావరకు నమ్మొచ్చు. సెంటర్ పేరు రాయడం లేదు. మీరు ఎక్కడ చేరబోతున్నా ఇవే విషయాలు చూసుకోండి.

పాఠం రెండు ఆదివారాల్లో, మూడేసి గంటలు. నాలుగు పేజీల జిరాక్స్ నోట్స్ ఇస్తారు, బోర్డు దగ్గర ఒక అట్ట గడియారం ఉంటుంది. బోధన తెలుగులోనే. ఈ బ్యాచ్‌కి ఉన్న అసలు బలం ఇదే. మన తెలుగు టైమ్ చెప్పే పద్ధతి కొన్నిచోట్ల ఇంగ్లిష్ కన్నా జర్మన్‌కి దగ్గర. తొమ్మిదింబావు అంటే 'ఫీర్‌టెల్ నాఖ్ నొయిన్'. పావు తక్కువ పది అంటే 'ఫీర్‌టెల్ ఫోర్ త్సేన్'. మొన్నకి 'ఫోర్‌గెస్టెర్న్', ఎల్లుండికి 'ఊబర్‌మోర్గెన్' అని ఒక్కొక్క మాటే ఉంది. ఇంగ్లిష్ మీదుగా చెప్పే క్లాసులో వీటిని మూడు నాలుగు మాటలుగా విప్పి, మళ్లీ ఒక్క మాటగా కట్టాలి. ఇక్కడ ఆ తిప్పలు లేవు.

అసలు గండం అరగంట దగ్గర. తొమ్మిదిన్నర అంటే మనకి తొమ్మిది దాటి అరగంట. అదే సమయాన్ని జర్మన్‌లో 'హల్ప్ త్సేన్' అంటారు, పదో గంటలో సగం నిండింది అన్న లెక్కన. మన చెవికి 'త్సేన్' వినపడగానే పదిన్నర అనిపిస్తుంది, గంట తేడా వచ్చేస్తుంది. ఈ సెంటర్ టీచర్ దీన్ని రూల్‌గా చెప్పి వదిలేయలేదు. అట్ట గడియారం మీద తొమ్మిది నుంచి పది దాకా ఉన్న గంటను 'పదో గంట' అని పేరు పెట్టి, అందులో సగానికి రంగు వేయించారు. తర్వాత తెలుగులో 'నాలుగున్నర' అంటే 'హల్ప్ ఫ్యున్ఫ్', 'పన్నెండున్నర' అంటే 'హల్ప్ ఐన్స్' అని గబగబా అడిగారు. మాట్లాడేటప్పుడు ఒకటి కలపాలి, వినేటప్పుడు ఒకటి తీసేయాలి. ఈ రెండోదాన్ని విడిగా సాధన చేయించడమే సరైన పద్ధతి. చాలామందికి చెప్పడం వస్తుంది, వినేటప్పుడే తప్పుతారు.

దీని మీదే ఇంకో మెట్టు ఉంది. తొమ్మిదీ ఇరవై అయిదుని 'ఫ్యున్ఫ్ ఫోర్ హల్ప్ త్సేన్' అంటారు, అంటే తొమ్మిదిన్నరకి అయిదు తక్కువ. తొమ్మిదీ ముప్ఫై అయిదు 'ఫ్యున్ఫ్ నాఖ్ హల్ప్ త్సేన్'. ఇవి నోట్స్‌లో ఉన్నాయి, క్లాసులో మాత్రం రెండు ఉదాహరణలతో దాటేశారు. కనీసం అరగంట పెట్టాల్సిన భాగం ఇది. జర్మనీ తూర్పు, దక్షిణ ప్రాంతాల్లో కొందరు తొమ్మిదింబావుని 'ఫీర్‌టెల్ త్సేన్' అని, పావు తక్కువ పదిని 'డ్రై ఫీర్‌టెల్ త్సేన్' అని అంటారు. పరీక్షకి అక్కర్లేదు గానీ ఆ వైపు ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి చెప్పి ఉంచాలి. ఇక్కడ ఆ ప్రస్తావనే లేదు.

'హల్ప్'తో 'ఊర్' (గంటలు అని చెప్పే మాట) కలపకూడదని బాగా దిద్దారు. 'హల్ప్ త్సేన్ ఊర్' తప్పు. ఒంటిగంటకి 'ఐన్ ఊర్' అనాలి, 'ఊర్' లేకపోతే 'ఐన్స్' అనాలి. 'ఐన్స్ ఊర్' అన్న ప్రతిసారీ ఆపి సరిచేశారు.

ఇరవై నాలుగు గంటల లెక్క మనవాళ్లకి కొత్త కాదు. రైలు టికెట్ మీద 17:43 అని చూసి అలవాటే. ఇబ్బంది అంకెలది. నలభై మూడుని జర్మన్‌లో 'డ్రై ఉంట్ ఫిర్‌త్సిష్' అంటారు, మూడు ముందు, నలభై వెనక. వింటూ రాస్తే 34 పడుతుంది. టీచర్ చెప్పిన చిట్కా పనికొచ్చేది: వినపడిన మొదటి అంకెని కుడివైపు గడిలో రాయండి, ఎడమ గడి ఖాళీగా ఉంచండి, 'ఉంట్' తర్వాత వచ్చినదాన్ని అందులో నింపండి. అయితే ఫోన్లోనూ ప్రకటనల్లోనూ రెండుకి 'త్స్వై' బదులు 'త్స్వో' అంటారని ఎవరూ చెప్పలేదు. 'డ్రై'తో కలిసిపోకుండా ఉండటానికి అలా పలుకుతారు. తెలియనివాళ్లు అది కొత్త అంకె అనుకుని అక్కడే ఆగిపోతారు.

వేళల దగ్గర తెలుగే అడ్డం వచ్చే చోటు ఒకటుంది. మనం రాత్రి ఎనిమిదింటికి భోంచేస్తాం. జర్మన్‌లో ఆ ఎనిమిది ఇంకా 'ఆబెంట్', సాయంత్రమే. 'నఖ్ట్' అంటే జనం పడుకునే వేళ. డిన్నర్‌కి రమ్మని రాసేటప్పుడు 'ఇన్ డెర్ నఖ్ట్' అని రాస్తే చదివేవాళ్లు అర్ధరాత్రి అనుకుంటారు. నోట్స్‌లో మాత్రం రాత్రి అంటే 'నఖ్ట్' అని ఒక్క ముక్కలో ఉంది, దిద్దాలి. పొద్దున తొమ్మిది, పది గంటల నుంచి పన్నెండు దాకా 'ఫోర్‌మిటాక్' అని విడిగా ఒక పేరు ఉందనీ, ఆఫీసుల వేళల్లో అది ఎక్కువగా కనపడుతుందనీ మాత్రం చక్కగా వివరించారు. 'మోర్గెన్' అంటే ఉదయం, అదే మాటకి రేపు అనీ అర్థం. రేపు పొద్దున అనడానికి 'మోర్గెన్ మోర్గెన్' అనరు, 'మోర్గెన్ ఫ్ర్యూ' అంటారు.

వారానికీ రోజులోని భాగానికీ 'అమ్', గంటకి 'ఉమ్', రాత్రికి మాత్రం 'ఇన్ డెర్': ఈ మూడింటినీ బోర్డు మీద మూల ఒక గడిలో రాసి రెండు క్లాసులూ చెరపకుండా ఉంచారు. 'మోన్‌టాక్' చివర 'స్' చేరితే ప్రతి సోమవారం అని అర్థం, అప్పుడు 'అమ్' అక్కర్లేదు. వాక్యం మొదట్లో 'అమ్ మోన్‌టాక్' వస్తే వెంటనే క్రియ రావాలి: 'అమ్ మోన్‌టాక్ హాబె ఇష్ డొయిచ్‌కుర్స్' (సోమవారం నాకు జర్మన్ క్లాసు ఉంది; 'హాబె' క్రియ). క్రియని చివరికి నెట్టడం మనకి అలవాటు కాబట్టి దీన్ని ఇంకా దిద్దించాల్సింది.

ఉచ్చారణ ఈ బ్యాచ్‌లో బలహీనం. నోట్స్‌లో పలుకుబడి ఇంగ్లిష్ అక్షరాల్లో ఇచ్చారు, దాంతో క్లాసంతా 'మోంటాగ్' అంటోంది. చివరి 'గ్' అక్కడ 'క్' అవుతుంది: మోన్‌టాక్, డీన్స్‌టాక్, డొనర్స్‌టాక్, ఫ్రైటాక్ (సోమ, మంగళ, గురు, శుక్రవారాలు). శనివారం 'జమ్స్‌టాక్', ఆదివారం 'జొన్‌టాక్', రెంటిలోనూ జూ పార్కు అనేటప్పటి 'జ' పలకాలి. 'త్సేన్', 'త్స్వై' లాంటివాటికి 'చాప', 'చుక్క'లో మనం పలికే చ సరిపోతుంది. తెలుగు లిపిలో రాసిస్తే పది నిమిషాల్లో తీరేదాన్ని ఎందుకు వదిలేశారో అర్థం కాదు. ఉత్తరాన, తూర్పున శనివారాన్ని 'జొన్‌ఆబెంట్' అని కూడా అంటారు. వినగానే ఆదివారం సాయంత్రం అనిపిస్తుంది, కాబట్టి అదీ చెప్పాలి. నోట్స్‌లో వారం ఆదివారంతో మొదలైంది, జర్మన్ క్యాలెండర్ సోమవారంతో మొదలవుతుంది. నిలువు వరుసల మీద వారాల పేర్లు చూడకుండా నింపేవాళ్లకి ఒక రోజు జరిగిపోతుంది.

పెద్ద లోటు వినికిడి. రెండు క్లాసుల్లోనూ వినిపించిన జర్మన్ అంతా టీచర్ గొంతే, నెమ్మదిగా, విడివిడిగా. జర్మన్ భాషా పరీక్షలు పెట్టే గోతె సంస్థ ఏ1 పరీక్షలో వినే విభాగం దాదాపు ఇరవై నిమిషాలు, మూడు భాగాలు. మొదటిదీ మూడోదీ రెండేసి సార్లు వినిపిస్తారు. ప్రకటనలు ఉండే రెండో భాగం ఒక్కసారే. స్పీకర్ లేని గదిలో దానికి తయారవడం కుదరదు. గోతె సంస్థ సైట్లో మాదిరి పరీక్ష ఆడియోతో సహా ఉచితంగా దొరుకుతుంది. దాన్ని క్లాసులో పెట్టడానికి అయ్యే ఖర్చు ఒక స్పీకర్.

టైమ్ చెప్పడం, రాయడం సున్నా నుంచి నేర్చుకునేవాళ్లకి, ఇంగ్లిష్‌లో వ్యాకరణం వింటే తడబడేవాళ్లకి ఈ బ్యాచ్ మంచిదే. నెలలోపు బంజారాహిల్స్‌లోని గోతె జెంట్రుమ్ అనే పరీక్షా కేంద్రంలో పరీక్ష రాయాల్సినవాళ్లకి ఇది ఒక్కటే చాలదు, ఇంట్లో రోజూ ఆడియో వినాలి. డబ్బు కట్టే ముందు ఒక డెమో క్లాసు అడిగి, ఆడియో వినిపిస్తారా, ఎంతసేపు అన్నది అక్కడే కూర్చుని చూడండి. కోర్సు ఫీజులో పరీక్ష ఫీజు ఉందా లేదా అన్నదీ రాతపూర్వకంగా తీసుకోండి.

ఫోన్ ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్ల కోసం ఈ పాఠంలో ఇంకో పావుగంట కలపాలి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా జర్మనీ మనకన్నా మూడున్నర గంటలు వెనక, మిగతా కాలం నాలుగున్నర గంటలు. ఆసుపత్రివాళ్లు 'హల్ప్ త్సేన్' అని చెబితే హైదరాబాద్‌లో ఎండాకాలం మధ్యాహ్నం ఒంటిగంటకి, చలికాలం రెండింటికి ఫోన్ దగ్గర ఉండాలి.