ఆరేళ్ల కాడ్మియం రేకు, మూడు డిగ్రీల వేడి

నాలుగేళ్లు వాడాక ఎవరైనా అడిగి ఉంటే, మా స్పెక్ట్రోమీటర్‌ను సరిచూసుకోవడానికి వాడే ఈ కాడ్మియం రేకుకు ఐదుకు ఐదు చుక్కలు ఇచ్చేసేవాణ్ని. నిజానికి ఇచ్చాను కూడా. మా గ్రూపు మీటింగులో లేచి నిలబడి మరీ పొగిడాను. ఇప్పుడు ఆరేళ్లయింది. ఇష్టం పోలేదు గానీ, ఆ రోజు అన్న మాటల్లో రెండు మూడు వెనక్కి తీసుకోవాల్సినవి ఉన్నాయి.

నా పని, ప్లాస్మాను (ఎలక్ట్రాన్లు ఊడిపోయేంత వేడెక్కిన వాయువును) అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రమైన టోకమాక్‌ పక్కన. వేడి ప్లాస్మా నుంచి వచ్చే ఎక్స్‌రేలను స్ఫటికంతో విడగొట్టి చూసే స్పెక్ట్రోమీటర్ నా చేతిలో ఉంటుంది. ప్లాస్మాలోకి చిటికెడు ఆర్గాన్ వదులుతాం. పదహారు ఎలక్ట్రాన్లు ఊడిపోయి రెండే మిగిలిన ఆర్గాన్ అయాన్, తరంగదైర్ఘ్యం 3.9494 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఒక మంచి గీత ఇస్తుంది. ఆ గీత ఎంత వెడల్పయితే అయాన్లు అంత వేడిగా ఉన్నట్టు. గీత ఎంత పక్కకు జరిగితే ప్లాస్మా అంత వేగంగా తిరుగుతున్నట్టు. గోళాకారంగా వంచిన క్వార్ట్జ్ స్ఫటికం, 172 మైక్రాన్ల పిక్సెళ్ల డిటెక్టర్, బెరీలియం కిటికీ, హీలియం నింపిన పెట్టె, అన్నీ మామూలే. అమెరికా ఆల్కేటర్ సీ-మాడ్ దగ్గర్నుంచి కొరియా కేస్టార్, చైనా ఈస్ట్, జర్మనీ వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ దాకా ఫ్యూజన్ యంత్రాల పక్కన నడిచిన, నడుస్తున్న కుటుంబమే ఇది. ఆ వివరాల జోలికి పోను.

నా బాధంతా సున్నాతో. వేడి కొలవడానికి గీత ఆకారం చాలు. వేగం కొలవాలంటే మాత్రం, ప్లాస్మా కదలకుండా ఉంటే గీత ఏ పిక్సెల్ మీద పడేదో ముందు తెలియాలి. మా స్ఫటికం వంపు వ్యాసార్ధం ఒకటిన్నర మీటర్లు. ఆ లెక్కన ఒక్క పిక్సెల్ జరిగిందంటే సెకనుకు 30 కిలోమీటర్ల పైమాట. మేము వెతికే వేగాలు పది, ఇరవై కిలోమీటర్లు. అంటే పిక్సెల్‌లో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతులు. తక్కెడకు పాసంగం ఉందో లేదో చూసుకోకుండా బంగారం తూచినట్టే ఉంటుంది మన పని.

కనిపించే వెలుగుతో పనిచేసే స్పెక్ట్రోమీటర్ల వాళ్లంటే నాకు ఎప్పుడూ కుళ్లే. చిన్న నియాన్ దీపం ముందు పెడతారు, గీతలు పడతాయి, పట్టిక తీసి సరిచూసుకుంటారు, టీ తాగడానికి వెళ్లిపోతారు. మా ఎక్స్‌రేల శక్తి అయిన మూడు కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అలాంటి దీపం బజార్లో దొరకదు. పదహారు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని కూడా కదలకుండా కూర్చునే ఆర్గాన్‌ను ఎక్కడ తెస్తాం?

ఆ లోటు తీర్చడానికే కాడ్మియం. దాని ఎల్-ఆల్ఫా గీత 3.956 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటుంది. సరిగ్గా మా ఆర్గాన్ గీతల గుంపు మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది, పిలవని పేరంటానికి వచ్చినా అందరికీ నచ్చిన చుట్టంలా. పలచటి రేకును స్ఫటికం చూసే దారిలోకి దించి, పక్కనుంచి చిన్న ఎక్స్‌రే ట్యూబ్‌తో కొడితే, రేకు తన గీతను వెలిగిస్తుంది. రేకు కదలదు. కాబట్టి కదలిక వల్ల గీత పక్కకు జరిగే డాప్లర్ గొడవ లేదు. ఆ గీత ఎక్కడ పడిందో చూస్తే, ఆర్గాన్ గీత ఎక్కడ పడాలో లెక్క కట్టొచ్చు. పెట్టె విప్పక్కర్లేదు, స్ఫటికం ముట్టుకోనక్కర్లేదు.

మొదటిసారి తెర మీద ఆ గీత పడ్డప్పుడు నేను పడ్డ ఆనందం ఇక్కడ రాస్తే నవ్వుతారు. అంతకు ముందు రెండేళ్లు మేము సున్నాను ఊహించుకునేవాళ్లం. కొన్ని షాట్లలో (ప్లాస్మాను ఒకసారి వెలిగించి నడిపితే ఒక షాట్) ప్లాస్మాతో పాటు తిరిగే అయస్కాంత ద్వీపాలు, అంటే క్షేత్ర రేఖలు ముడిపడిన వలయాలు, గోడకు తగులుకున్నట్టు ఆగిపోతాయి. లాక్డ్ మోడ్ అంటారు. అప్పుడు ప్లాస్మా తిరగడం దాదాపు ఆగిపోతుంది కాబట్టి, ఆ షాట్‌లో గీత ఉన్న చోటే సున్నా అనుకునేవాళ్లం. యంత్రం నడిపేవాళ్లకు లాక్డ్ మోడ్ అంటే టెన్షన్, ఎందుకంటే చాలాసార్లు అది ప్లాస్మా కుప్పకూలడంతో ముగుస్తుంది. కంట్రోల్ రూమ్‌లో అందరూ తలలు పట్టుకుంటే, మూలన కూర్చున్న నేను మాత్రం లోలోపల పండగ చేసుకునేవాణ్ని. ఊరంతా ఏడుస్తుంటే పాడె కట్టేవాడికి పని దొరికినట్టు ఉండేది నా పరిస్థితి. కాడ్మియం రేకు వచ్చాక ఆ పాపం నుంచి బయటపడ్డాను. నా పొగడ్తలో సగం అందుకే.

ఇక అసలు సంగతి.

ఐదో ఏడాది వర్షాకాలంలో డిటెక్టర్ తేమ అలారం తరచూ మోగడం మొదలుపెట్టింది. ముందు జాగ్రత్తగా, రాత్రిపూట డిటెక్టర్ ఆపేసి పొద్దున్నే మళ్లీ వేద్దాం అని నేనే చెప్పాను. చిన్న మార్పే కదా అని లాగ్‌బుక్‌లో ఒక్క లైను రాసి వదిలేశాను. కాడ్మియం క్యాలిబ్రేషన్ (రేకుతో సున్నా సరిచూసుకోవడం) మాత్రం మామూలుగానే, వారానికోసారి, సోమవారం పొద్దున మొదటి షాట్‌కు ముందు చేసేవాళ్లం. రేకు గీత చక్కగా, ప్రతి సోమవారం ఒకే చోట పడేది. అన్నీ సజావుగా ఉన్నాయనుకున్నాను.

రెండు నెలలకు మా గ్రూపులో కొత్తగా చేరిన పీహెచ్‌డీ కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. హనుమకొండ వాడు. "అన్నా, మన ప్లాస్మా పొద్దుగాల తిరుగుతలేదు, మాపటికి తిరుగుతున్నది" అన్నాడు. గ్రాఫు చూపించాడు. నిజమే. పొద్దున షాట్లలో వేగం సున్నా చుట్టూ ఉంది. మధ్యాహ్నం మూడు, నాలుగు అయ్యేసరికి సెకనుకు 20 కిలోమీటర్ల పైకి ఎక్కింది. సోమవారం, మంగళవారం, బుధవారం, రోజూ అదే వరస.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. వెంటనే యంత్రాన్ని అనుమానించలేదు. బయటినుంచి ఎవరూ తోయకపోయినా ప్లాస్మా తనంతట తాను తిరగడం నిజంగానే ఉన్న విషయం. సీ-మాడ్‌లో దాని మీద ఏళ్ల తరబడి పని జరిగింది. కాబట్టి రోజంతా షాట్లు పడేకొద్దీ గోడలు శుభ్రమై, లోపలి మలినాలు తగ్గి, తిరుగుడు మారుతోందని నేను ఒక కథ అల్లేశాను. కథ బాగుంది కూడా. పోస్టర్‌కు శీర్షిక కూడా ఆలోచించాం.

కథ నిలవకుండా చేసింది ఆ కుర్రాడే. మా స్పెక్ట్రోమీటర్ ప్లాస్మాను పై నుంచి కింద దాకా చాలా చూపు రేఖల్లో ఒకేసారి చూస్తుంది. ప్లాస్మా నిజంగా తిరిగితే నడిమధ్య వేగం ఒకలా, అంచుల్లో ఇంకోలా ఉండాలి. వీడి గ్రాఫులో అన్ని రేఖలూ ఒకే మోతాదులో జరిగాయి. బస్సులో కూర్చున్నవాళ్లంతా కలిసి ఒకే పక్కకు వాలితే ఎవరో ఒకరు తోశారని కాదు, బస్సే మలుపు తిరిగిందని.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి షాట్లు ఆపించి, రేకు దించి, ట్యూబ్ వేశాం. కాడ్మియం గీత పొద్దున పడ్డ చోట లేదు. పిక్సెల్‌లో దాదాపు 0.4 వంతు జరిగి ఉంది. రేకు కదిలిందా? బిగించిన రేకు, ఎక్కడికి పోతుంది. కదిలినా గీత చోటు మారకూడదు. మారింది స్ఫటికం.

క్వార్ట్జ్ వేడికి వ్యాకోచిస్తుంది. ఇది నాకు పదో తరగతి నుంచీ తెలుసు. తెలియనిది, దాన్ని వేగంలోకి మార్చి చూసుకోవడం. మేము వాడే కోతలో ఒక డిగ్రీకి పరమాణు పొరల మధ్య దూరం లక్షలో 1.4 వంతు పెరుగుతుంది. లక్షలో 1.4 అంటే ఎవరూ పట్టించుకోరు. దాన్ని కాంతి వేగంతో గుణించండి, సెకనుకు 4 కిలోమీటర్లు. ఒక్క డిగ్రీ వేడెక్కితే, కదలకుండా ఉన్న ప్లాస్మా సెకనుకు 4 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తున్నట్టు కనిపిస్తుంది. మా చూపు రేఖ తిరిగే దిశకు 60 డిగ్రీల ఏటవాలు కాబట్టి తిరుగుడు వేగంగా మార్చేటప్పుడు అది రెట్టింపవుతుంది. మూడు డిగ్రీలకు 24 కిలోమీటర్లు. మా "కొత్త ఆవిష్కారం" మొత్తం ఆ మూడు డిగ్రీలే.

ఆ మూడు డిగ్రీలు ఎక్కడివి? రాత్రంతా ఆపి ఉంచిన డిటెక్టర్ పొద్దున వేస్తే, దాని ఎలక్ట్రానిక్స్ వేడి హీలియం ద్వారా మెల్లగా పెట్టె అంతా పాకుతుంది. సోమవారం పొద్దున క్యాలిబ్రేషన్ చేసేది చల్లటి పెట్టెలో. షాట్లు తీసేది వేడెక్కిన పెట్టెలో. అంతకు ముందు నాలుగేళ్లు డిటెక్టర్ ఎప్పుడూ ఆపలేదు కాబట్టి ఈ రోగం బయటపడలేదు. ఉష్ణోగ్రత కొలిచే పీటీ-100 సెన్సర్ ఉంది కదా అంటారా? ఉంది. దాన్ని పెట్టె బయటి అంచుకు, ఏసీ గాలి తగిలే చోట అతికించారు. అది రోజంతా 22 డిగ్రీలే చూపించింది. దాన్ని నమ్మింది నేను.

పోస్టర్ పోయింది. రెండు నెలల వేగం డేటా మొత్తం పక్కన పెట్టాం. అయాన్ ఉష్ణోగ్రతలు మాత్రం బతికాయి. ఒక షాట్ నడిచే సెకన్లలో స్ఫటికం వేడి మారదు కాబట్టి గీత వెడల్పుకు ఏమీ కాలేదు.

ఇప్పుడు స్ఫటికం బిగించిన దిమ్మెకే చిన్న హీటర్ పెట్టి, గది వేడి కంటే ఎక్కువగా, 28 డిగ్రీల దగ్గర నిలబెట్టాం. సెన్సర్ స్ఫటికం వెనకే. డిగ్రీలో పదో వంతుకు మించి కదలడం లేదు. చూపు రేఖ దిశలో అది సెకనుకు 0.4 కిలోమీటరు, మాకు చాలు. ఆ తర్వాత రెండు లాక్డ్ మోడ్ షాట్లు దొరికాయి (అవును, మళ్లీ లోలోపల పండగే). వాటి సున్నా, రేకు చెప్పిన సున్నా దగ్గర దగ్గరగా వచ్చాయి.

ఇక వెనక్కి తీసుకునే మాటలు. "దీంతో అన్నీ క్యాలిబ్రేట్ అయిపోతాయి" అన్నాను ఆ మీటింగులో. కాదు. కాడ్మియం గీత సహజ వెడల్పే రెండు ఎలక్ట్రాన్ వోల్టుల పైన. పది మిలియన్ డిగ్రీల పైచిలుకు, అంటే ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర మా ఆర్గాన్ గీతకు వేడివల్ల వచ్చే వెడల్పు 1.2. లావుపాటి సుద్దముక్కతో సన్న గీత మందం కొలవలేం కదా. స్పెక్ట్రోమీటర్ సొంత వెడల్పు ఎంతో ఈ రేకు చెప్పదు. అది ఇంకో పెద్ద తలనొప్పి, దాని గురించి రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. "ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు" అని కూడా అన్నాను. మా చిన్న ట్యూబ్‌తో సరిపడా వెలుగు పోగవడానికి 40 నిమిషాలు పడుతుంది, షాట్‌కూ షాట్‌కూ మధ్య మాకుండేది 15 నిమిషాలు. పెద్ద ట్యూబ్ ఉన్నవాళ్ల సంగతి వేరు. పైగా కాడ్మియం విషం, రేకు మార్చే రోజు గ్లవ్స్, ఫారాలు, సంతకాలు తప్పవు.

కొనమంటారా అని అడిగితే మీరేం కొలుస్తారో బట్టి చెప్తాను. అయాన్ ఉష్ణోగ్రత ఒక్కటే కావాలంటే అక్కర్లేదు. మీ యంత్రంలో లాక్డ్ మోడ్‌లు విరివిగా వస్తుంటే (అయ్యో పాపం) ఉచితంగానే పని జరిగిపోతుంది. తిరుగుడు వేగమే మీ ఆస్తి అయితే తీసుకోండి, కానీ ఆ డబ్బులోంచే ముందు స్ఫటికానికి హీటర్ కొనండి. స్ఫటికం సిలికాన్‌దయితే వ్యాకోచం క్వార్ట్జ్‌లో ఐదో వంతే, నా గోల మీకు అంత వర్తించదు. కడరాష్‌లో (ఫ్రాన్స్) కడుతున్న పెద్ద ఫ్యూజన్ యంత్రం ఐటర్ లాంటి చోట, పనులు మొదలయ్యాక ఎవరూ పెట్టె దగ్గరకు పోయి స్క్రూ తిప్పలేరు, అక్కడ లోపలే ఒక సరిచూసే ఏర్పాటు లేకపోతే గతి లేదు. ఐటర్‌కు మన దేశం ఇవ్వాల్సిన పరికరాల్లో ఎక్స్‌రే క్రిస్టల్ స్పెక్ట్రోమీటర్లు కూడా ఉన్నాయి కాబట్టి ఆ పని చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, సెన్సర్ ఎక్కడ అతికించారో ఒకసారి చూసుకోండి.

నాలుగు చుక్కలు. తగ్గించిన ఆ ఒక్కటి రేకు తప్పు కాదని మా కుర్రాడు అంటాడు. డిటెక్టర్ మాత్రం ఇప్పుడు రాత్రుళ్లు ఆపడం లేదు, తేమ అలారం మోగితే మోగనీ.